ఎగిరే మోకాలిని కాపాడుకుంటూ ఆడించడం: బాస్కెట్‌బాల్ కోచ్‌లకు, పీఈటీలకు

జట్టులో అందరికన్నా ఎత్తు ఎగిరే కుర్రాడికే మోకాళ్లు ముందు పట్టేస్తాయి. అందులో వింతేమీ లేదు. ఎంత ఎత్తు ఎగిరితే మోకాలి చిప్ప కింద ఉండే టెండన్ (కండరం లాగుడును ఎముకకు అందించే గట్టి పట్టీ) మీద అంత లాగుడు పడుతుంది. పైగా రీబౌండు అతనే పట్టాలి, బ్లాకు అతనే వెయ్యాలి, ఫాస్ట్‌బ్రేక్‌లో అతనే ముందుండాలి. బాగా ఆడతాడని అండర్-17లోనూ, అండర్-19లోనూ, జిల్లా జట్టులోనూ, కాలేజీ జట్టులోనూ దించుతారు. ఒకే మోకాలు నాలుగు జట్లకు చాకిరీ చేస్తుంటుంది. ఏ కోచ్‌కీ మిగతా ముగ్గురి దగ్గర ఎంత ఆడాడో తెలియదు.

ఇలాంటి ప్లేయర్ విషయంలో జరిగే తప్పులు రెండు. టోర్నమెంటు అయ్యేదాకా మాత్రలతో, స్ప్రేతో, క్రేప్ బ్యాండేజీతో నెట్టుకురావడం ఒకటి. అదయ్యాక "నెల రోజులు కాలు కదపకు" అని ఇంటికి పంపడం రెండోది. ఈ రెండోది మంచిపనే అనిపిస్తుంది కానీ, విశ్రాంతితో నొప్పి తగ్గినట్టే టెండన్ బలమూ తగ్గుతుంది. నెల తర్వాత వచ్చి మొదటి రోజే పాత లెక్కలో ఎగురుతాడు, వారం తిరక్కుండా నొప్పి మళ్లీ మొదలవుతుంది. కావలసింది రెండు పనులు కలిపి చెయ్యడం: ఎగురుళ్లను లెక్కపెట్టి తగ్గించడం, బరువులతో మోకాలి బలం పెంచడం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఫలితం ఉండదు.

ముందు అది ఏ నొప్పో తేల్చుకోండి

"ఎక్కడ నొప్పి?" అని అడిగి అతని చెయ్యి గమనించండి. ఒక్క వేలితో చిప్ప కింది అంచు చూపించి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుందని, మర్నాడు పొద్దున్నే పట్టేస్తుందని చెబితే, వాపు కూడా లేకపోతే, అది చాలావరకు జంపర్స్ నీ, అంటే చిప్ప కింది టెండన్ నొప్పి. అరచేతిని చిప్ప చుట్టూ తిప్పి చూపిస్తూ, మెట్లు దిగేటప్పుడు, బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు ఎక్కువంటే, నొప్పి చిప్ప వెనక నుంచి వస్తోంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో చిప్పకు కిందుగా, కాలి ఎముక ముందువైపు గడ్డలా పొడుచుకొచ్చి, తాకితే నొప్పి పుడితే అది ఆస్‌గుడ్ ష్లాటర్. పొడవు పెరిగే వయసులో వచ్చేది, ఎముక ఎదుగుదల ఆగాక చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది. అప్పటిదాకా నొప్పిని బట్టి ఎగురుళ్లు తగ్గించాలి. ఆ వయసు పిల్లల ఎత్తు నెలనెలా గోడ మీద గీత పెట్టి కొలవండి. ఎత్తు జోరుగా పెరుగుతున్న నెలల్లోనే ఎగురుళ్లు తగ్గించేస్తే నొప్పి మొదలయ్యాక తంటాలు పడక్కర్లేదు.

మోకాలు వాచిందంటే మాత్రం వ్యవహారం వేరు. దెబ్బ తగిలినప్పుడు లోపల "టప్"మని, రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బితే, తర్వాత నడుస్తుంటే కాలు జారిపోతున్నట్టుంటే, మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే ఏసీఎల్ లిగమెంటు తెగిందేమోనని అనుమానించాలి. కాలు మధ్యలో ఇరుక్కుని చాపుకోలేకపోతే మెనిస్కస్ (మోకాలి లోపల దిండులా ఉండే మెత్త) చిరిగిందేమో చూడాలి. ఇవి రెండూ ఆర్థోపెడిక్ డాక్టరు చూడవలసినవి, కింద రాసిన వ్యాయామాలతో పోయేవి కావు. ఇంకో రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆట ఆడకపోయినా రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, లేదా జ్వరంతో పాటు వచ్చే నొప్పి ఉన్న పిల్లవాణ్ణి వెంటనే డాక్టరుకు చూపించాలి, ఆ వయసులో ఎముక కేన్సర్ ఎక్కువగా కనిపించేది మోకాలి చుట్టుపక్కలే. అలాగే పెరిగే వయసు పిల్లవాడు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటి కూడా పరీక్ష చేయించండి. తుంటిలో ఎముక జారినా నొప్పి మోకాల్లో తెలుస్తుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, టెండన్‌ను పద్ధతిగా బరువులతో బలపరచవచ్చు, అరిగిన కార్టిలేజ్‌ను (ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర) అలా తిరిగి పెంచలేం. పోర్ట్‌లాండ్ జట్టు గార్డు బ్రాండన్ రాయ్ 2007లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో రూకీ ఆఫ్ ద ఇయర్, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. రెండు మోకాళ్లలోనూ కార్టిలేజ్ అరిగిపోయి 2011 డిసెంబరులో, ఇరవై ఏడేళ్లకే రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆడిన ప్రతిసారీ ఉబ్బే మోకాలిని "అలవాటైన నొప్పే" అని కొట్టిపారెయ్యకండి.

ఇక్కణ్ణుంచి రాసేదంతా జంపర్స్ నీ గురించి. సంవత్సరాల తరబడి వేధించే నొప్పి బాస్కెట్‌బాల్‌లో ఎక్కువగా ఇదే.

పొద్దుటి అంకె

వడ్రంగి చేత ఒక ఏటవాలు పలక చేయించండి. మందపాటి ప్లైవుడ్, పొడవు 40 సెంటీమీటర్లు, వెనకవైపు ఎత్తు 17 సెంటీమీటర్లు ఉంటే వాలు సరిగ్గా 25 డిగ్రీలు వస్తుంది. పైన ఇసుక కాగితం అంటించాలి, లేకపోతే పాదం జారుతుంది. ప్లేయర్ మడమ ఎత్తు వైపు ఉండేలా ఒంటికాలి మీద నిలబడి, నడుం నిటారుగా ఉంచి, నెమ్మదిగా ఒక్కసారి కిందికి దిగాలి. నొప్పి పదిలో ఎంతో చెప్పాలి. రోజూ ఒకే సమయానికి, పళ్లు తోముకున్నాక, ఏ వ్యాయామమూ చెయ్యకముందు. ఆ అంకె నోట్‌బుక్‌లో రాయాలి.

ఆడుతున్నప్పుడు ఉన్న నొప్పికన్నా మర్నాటి పొద్దుటి అంకె విలువైనది, ఎందుకంటే వేడెక్కిన టెండన్ నిజం చెప్పదు. మూడు దాకా ఉంటే, నిన్నటికన్నా పెరగకపోతే, నిన్నటి పని మోకాలు మోయగలిగిందని అర్థం. రెండు అంకెలు పెరిగితే నిన్న మోతాదు మించింది. అప్పుడు మీరు చూడవలసింది నిన్నటి పేజీ: ఎన్నిసార్లు ఎగిరాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు, కొత్తగా ఏం చేశాడు.

అంకె పెరిగినంత మాత్రాన జట్టులోంచి తీసెయ్యకండి. ఒక్కసారి అలా చేశారా, ఇక ఆ నోట్‌బుక్‌లో ఎప్పుడూ రెండే ఉంటుంది. సెలక్షన్లు, స్పోర్ట్స్ కోటా, ఇంటి పరిస్థితి అన్నీ ఆ మోకాలి మీద ఆధారపడి ఉన్న కుర్రాడు అబద్ధం చెప్పడంలో ఆశ్చర్యం లేదు. అంకె ఎంతైనా ఆ రోజుకు ఏదో ఒక పని ఉంటుందని, ఎగురుళ్లు మాత్రమే మారతాయని ముందే చెప్పి, ఆ మాట మీదే ఉండండి.

బరువులు

మొదటి మెట్టు కదలకుండా పట్టి ఉంచే వ్యాయామం. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడూ, మ్యాచ్‌కు ముందూ ఇదే. సాగని పట్టా ఒకటి కావాలి, లారీలో సరుకు బిగించే పట్టా బాగా పనికొస్తుంది. దాన్ని గట్టి స్తంభానికి మోకాళ్ల ఎత్తులో చుట్టి, మోకాళ్ల వెనక టవల్ మడిచి పెట్టుకుని, రెండు కాళ్లూ ఆ ఉచ్చులో ఉంచి వెనక్కి ఒరిగి కుర్చీలో కూర్చున్నట్టు దిగాలి. పిక్కలు నిటారుగా ఉండాలి. 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. చివరి పది సెకన్లలో తొడలు వణకకపోతే ఇంకొంచెం దిగాలి. జిమ్ ఉంటే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ మీద మోకాలిని 60 డిగ్రీల వంపులో ఆపి ఇదే లెక్కలో చెయ్యొచ్చు. చాలామందికి దీంతో కొంతసేపు నొప్పి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. తగ్గకపోయినా హాని లేదు.

రెండో మెట్టు బరువైన, నెమ్మదైన వ్యాయామం. అసలు మందు ఇదే. స్క్వాట్, లెగ్ ప్రెస్, హ్యాక్ స్క్వాట్: ఒక్కోటి నాలుగు సెట్లు. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు, ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని. మొదటి వారం 15సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు, రెండు మూడు వారాల్లో 12సార్లది, నాలుగు ఐదు వారాల్లో 10సార్లది, ఆరు నుంచి ఎనిమిది దాకా 8సార్లది, తొమ్మిది నుంచి పన్నెండు దాకా 6సార్లది. సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు మూడు నిమిషాలు. ఆఖరి సారి లేవడం కష్టం కావాలి. ఇంకో అయిదుసార్లు తేలిగ్గా చెయ్యగలిగితే ఆ బరువు వ్యాయామానికి సరిపోలేదు.

ఇక్కడ చెడేది మూడు చోట్ల. ఒకటి, రెండు కాళ్లతో చేస్తుంటే బాగున్న కాలే బరువంతా మోసేస్తుంది, నొప్పి కాలు తప్పించుకుంటుంది. అందుకే నాలుగో వారం నుంచి లెగ్ ప్రెస్ ఒంటికాలితో చేయించండి. చిప్ప పై అంచు నుంచి పది సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలతా నెలకోసారి టేపుతో చూడండి, తేడా తగ్గుతూ రావాలి. రెండు, నాలుగో వారానికి నొప్పి పోయిందని మానేస్తారు. నొప్పి ముందు తగ్గుతుంది, బలం తర్వాత వస్తుంది. పన్నెండు వారాలూ పూర్తి చెయ్యాలి. మూడు, సీజన్ మధ్యలో ఆట తగ్గించకుండా దీన్ని అదనంగా మీదేస్తారు. ఏటవాలు పలక మీద రోజుకు రెండు పూటలా పదిహేనుసార్లు మూడు సెట్లు దిగే పాత పద్ధతి ఒకటుంది. ఆట లేని నెలల్లో అది బాగానే పనిచేస్తుంది, పూర్తిగా ఆడుతున్న ప్లేయర్‌కు ఆ సమయంలో ఇవ్వకపోవడమే మేలు.

పిక్కల్ని మరవకండి. దిగేటప్పుడు పిక్క పట్టుకోవలసిన భారం పిక్క పట్టకపోతే మోకాలికి వెళ్తుంది. ఒంటికాలి మీద మడమ ఎత్తడం ఆపకుండా 25సార్లు వచ్చేదాకా చేయించండి. చీలమండ వంగుతుందో లేదో కూడా చూడండి. గోడకు పది సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించగలగాలి. పాత బెణుకులున్న పిల్లల్లో చాలామందికి ఇది రాదు.

మూడు రోజుల చక్రం

గట్టిగా ఎగిరిన రోజు తర్వాత టెండన్‌లో మొదటి ఒకరోజు, ఒకరోజున్నర కట్టుబడికన్నా అరుగుదలే ఎక్కువగా ఉంటుంది. దాని మీద మర్నాడే మళ్లీ ఎగిరితే అప్పు పెరుగుతూ పోతుంది. అందుకని వారం లెక్క పక్కన పెట్టి మూడు రోజుల చక్రం పట్టుకోండి. మొదటి రోజు పూర్తి ప్రాక్టీసు, ఎగురుళ్లతో సహా. రెండో రోజు పట్టి ఉంచే వ్యాయామం, ఫ్రీ త్రోలు, నేల విడవకుండా వేసే షాట్లు, పాసింగ్, ప్లేలు నడకతో. మూడో రోజు బరువులు, డ్రిబ్లింగ్. మళ్లీ మొదటి రోజు. పొద్దునా సాయంత్రమూ సాగే వేసవి క్యాంపుల్లో దీన్ని పాటించడం కష్టమే, కానీ చాలా మోకాళ్లు పాడయ్యేది ఆ క్యాంపుల్లోనే కాబట్టి అక్కడే మరింత పట్టుబట్టాలి.

ఎగురుళ్లు లెక్కపెట్టడానికి యంత్రాలక్కర్లేదు. ఆ రోజు ఆడని పిల్లవాడి చేతికి పెన్నూ కాగితమూ ఇచ్చి, ఇతని పాదాలు నేల విడిచిన ప్రతిసారీ గీత గీయమనండి. వారం రోజులు ఏమీ మార్చకుండా లెక్కించండి. ఆ అంకె చూశాక, మ్యాచ్‌లో ఎగిరిన దానికన్నా ప్రాక్టీసులో ఎగిరిందే ఎక్కువని చాలామందికి అప్పుడు తెలుస్తుంది. వాటిలో పనికిరానివి ముందు తీసెయ్యండి: మ్యాచ్‌కు ముందు వేసే లేఅప్ లైన్లు, బోర్డు తాకే పందాలు, తప్పు చేస్తే శిక్షగా వేయించే కప్పగంతులు, ప్రాక్టీసయ్యాక ఒంటరిగా వేసుకునే రెండొందల జంప్ షాట్లు. వీటిని తీసేస్తే ఆటలో అతని విలువ ఇసుమంత కూడా తగ్గదు.

పూర్తిగా ఆగి మళ్లీ మొదలుపెట్టే ప్లేయర్ అయితే, ఒంటికాలి లెగ్ ప్రెస్‌లో తన శరీర బరువుకు ఒకటిన్నర రెట్లు ఎనిమిదిసార్లు నాలుగు సెట్లు లాగగలిగేదాకా ఎగరనివ్వకండి. తర్వాత రెండు కాళ్లతో ఎగిరి మెత్తగా దిగడం, ఎనిమిదేసి చొప్పున మూడు సెట్లు, మూడు రోజులకొకసారి. ఆ తర్వాత ఒంటికాలు, ఆపైన పరుగెత్తి ఎగరడం, చివర్లో హఠాత్తుగా ఆగి దిశ మార్చడం. చాలామంది ఎగరడం రాగానే అంతా అయిపోయిందనుకుంటారు, కానీ వేగంలో బ్రేకు వెయ్యడమే టెండన్‌కు అన్నిటికన్నా గట్టి పరీక్ష.

మ్యాచ్‌లో

నలభై నిమిషాల ఆటలో ఇతనికి 24 నిమిషాలు, ఆరేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు. ఏ క్వార్టర్‌లో ఏ ఆరు నిమిషాలో మ్యాచ్‌కు ముందే రాసిపెట్టుకోండి, స్కోరు చూస్తూ నిర్ణయిస్తే ఎప్పుడూ 36 అవుతాయి. బెంచీ మీద కదలకుండా కూర్చుంటే టెండన్ బిగుసుకుపోతుంది. మళ్లీ దించే రెండు నిమిషాల ముందు లేపి, బెంచీ వెనక అర స్క్వాట్‌లో 45 సెకన్లు పట్టమని, కొంచెం జాగింగ్ చేయమని చెప్పండి.

డిఫెన్స్‌లో 2-3 జోన్ వేసి, అతన్ని వెనక మధ్యలో కాకుండా ముందు ఇద్దరిలో ఒకడిగా నిలపండి, ఎక్కువగా ఎగరాల్సి వచ్చేది వెనక మధ్యవాడే. ఫుల్ కోర్ట్ ప్రెస్‌లో మొదటి వరసలో పెట్టకండి. వెనకనుంచి పరిగెత్తి బ్లాకు వెయ్యడం పూర్తిగా మాన్పించండి, ఆ ఒక్క ఎగురుడుకూ వచ్చే రెండు పాయింట్లకూ లెక్క కుదరదు. ఎటాక్‌లో హైపోస్ట్ (ఫ్రీ త్రో గీత) దగ్గర నిలబెట్టి బంతి అతని చేతిలోంచి నడిపించండి. ఎగరకుండా జట్టును ఆడించగలనని అతనికి తెలిసిరావడం ఇందులో అసలు లాభం.

కుడిచేతి వాటం వాళ్లు లేఅప్‌కు ఎడమకాలి మీద ఎగురుతారు కాబట్టి తరచూ ఎడమ మోకాలే ముందు పోతుంది. ఎడమచేత్తో కుడికాలి మీద లేవడం, రెండు కాళ్ల మీద లేవడం, దూరం నుంచే ఫ్లోటర్ వెయ్యడం నేర్పితే భారం పంచుకుంటుంది. ఆగేటప్పుడు ఒక్క పెద్ద అంగలో కాకుండా మూడు నాలుగు చిన్న అంగల్లో ఆగడం అలవాటు చెయ్యండి.

స్టార్ ప్లేయర్‌ను కూర్చోబెట్టడమేంటని తోటి పిల్లలు, తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్లకు ఎన్‌బీఏ స్టార్ కవాయ్ లెనార్డ్ సంగతి చెప్పండి. కుడి తొడ కండరపు టెండన్ నొప్పితో 2017-18లో తొమ్మిది మ్యాచ్‌లే ఆడాడు. మరుసటి సీజన్‌లో టొరంటో జట్టు అతన్ని 82లో 60 మ్యాచ్‌లే ఆడించింది, వరుస రోజుల్లో రెండు మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. ప్లేఆఫ్స్‌లో 24కు 24 ఆడాడు, 2019 టైటిల్ గెలిచారు, ఫైనల్స్ ఎంవీపీ అతనే. ఇంకో సంగతి కూడా దాచకండి: 2021లో అదే కుడి కాలి మోకాలిలో ఏసీఎల్ పాక్షికంగా తెగింది. విశ్రాంతినిచ్చి ఆడించడం వల్ల కావలసిన మ్యాచ్‌లు చేతికొస్తాయి, మోకాలు కొత్తదైపోదు.

మూడు రోజుల టోర్నమెంటు

మన దగ్గర జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో అసలు చిక్కు రోజుకు రెండు మ్యాచ్‌లు పడటం. డ్రా చేతికి రాగానే ఏ లీగ్ మ్యాచ్‌లో ఇతన్ని అసలు దించక్కర్లేదో గుర్తుపెట్టుకోండి. పది రోజుల ముందు నుంచి ప్రాక్టీసులో ఎగురుళ్లు సగానికి తగ్గించండి, బరువులు మాత్రం ఆపొద్దు, సెట్లు నాలుగు నుంచి రెండు చెయ్యండి చాలు. ప్రయాణంలో గంటకోసారి లేచి నిలబడాలి. బస చేసే చోట మేడ మీద గది వద్దు, కింద ఇప్పించండి. నేల మీద బాసింపట్టు వేసుకుని తినడం, మ్యాచవగానే చాలాసేపు గొంతుక్కూర్చోవడం మాన్పించి కుర్చీ ఇప్పించండి. ప్రతి మ్యాచ్‌కూ ముందు పట్టి ఉంచే వ్యాయామం ఐదుసార్లు. తొడ ముందు కండరాన్ని గట్టిగా లాగి పట్టే స్ట్రెచింగ్ వద్దు, నొప్పిగా ఉన్న టెండన్‌ను అది ఇంకా రేపుతుంది.

టోర్నమెంటయ్యాక 72 గంటలు ఎగురుళ్లు లేవు. రెండో రోజు నుంచి బరువులు మొదలుపెట్టవచ్చు.

మాత్రలు, ఇంజెక్షన్లు, కట్లు

మ్యాచ్‌కు ముందు నొప్పి మాత్ర వేస్తే నొప్పి తెలియదు కానీ టెండన్ మీద పడే భారం తగ్గదు, మర్నాటి అంకె కూడా మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గిన పిల్లవాడికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ రకం మాత్రలు మూత్రపిండాల మీద కూడా దెబ్బ కొట్టగలవు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది, తర్వాత పరిస్థితి మొదటికన్నా దిగజారే అవకాశం ఎక్కువ. పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్ల) ఇంజెక్షన్‌కు ఖర్చు ఎక్కువ, బరువుల వ్యాయామాన్ని మించి మేలు చేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. చిప్ప కింద కట్టే స్ట్రాప్ హాయిగా ఉంటే కట్టుకోనివ్వండి. ఐస్ కూడా అంతే, నొప్పికి ఉపశమనం, వైద్యం కాదు. పుత్తూరు కట్టుకు ఎముకలు విరిగినచోట పేరుంది. ఇక్కడ ఏ ఎముకా విరగలేదు. ఏ కట్టయినా మూడు వారాలు మోకాలు కదలకుండా బిగిస్తే తొడ కండరం కరిగిపోయి, ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది.

అమ్మాయిల విషయంలో ఒక మాట. మూడు నెలలు వరసగా నెలసరి రాకపోతే తిండి చాలకపోతుండవచ్చు, ఎముకలూ బలహీనపడుతుండవచ్చు. ఆ సంగతి మేడమ్ ఎవరైనా అడిగి తెలుసుకుని డాక్టరుకు చూపించాలి.

పన్నెండు వారాలు నిజాయితీగా చేసినా పొద్దుటి అంకె దిగకపోతే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకు నోట్‌బుక్‌తో సహా చూపించి, నొప్పి అసలు టెండన్‌దేనా అని మళ్లీ మొదటినుంచి చూడమనండి. ఎమ్‌ఆర్‌ఐలో టెండన్ పాడైనట్టు కనిపించిందని కంగారుపడకండి, ఏ నొప్పీ లేకుండా ఆడే వాళ్లలోనూ అలాంటి చిత్రాలు కనిపిస్తాయి. నొప్పి పోయాక కూడా, ఆడినన్నాళ్లూ వారానికి రెండుసార్లు బరువులు సాగాలి. అతను మీ దగ్గర్నుంచి యూనివర్సిటీకో, రైల్వే జట్టుకో, పోలీసు జట్టుకో వెళ్లే రోజున ఆ నోట్‌బుక్, ఏటవాలు పలక రెండూ అతనికిచ్చి పంపండి. కొత్త కోచ్‌కు ఫోన్ చేసి ఏ మోకాలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని ఎగురుళ్లు అన్నది మీరే చెప్పండి. కొత్త చోట మొదటి వారం ఆ కుర్రాడు తన నోటితో చెప్పడు.